పాత కంప్యూటరుకు కొత్త భాగమా, కొత్త కంప్యూటరేనా?

ఆట మంచి పట్టుమీద ఉంటుంది. మీ కారు మలుపు తిరుగుతూ ఉంటుంది. అంతలో తెరమీది బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి కారు గోడకు గుద్దుకుని ఉంటుంది. "కంప్యూటరు పాతదైపోయింది, కొత్తది కొనాల్సిందే" అంటాడు అన్నయ్య. "ర్యామ్ వేస్తే సరిపోతుందిరా" అంటాడు పక్కింటి స్నేహితుడు. దుకాణానికి తీసుకువెళితే, అక్కడి ఆయన మూత విప్పకుండానే గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటాడు. ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ కొలిచి చెప్పలేదు.

ఇది చిన్న మొత్తంతో తేలే వ్యవహారం కాదు. ఆటలకు పనికివచ్చే కొత్త కంప్యూటరంటే చీరాల, జాండ్రపేట, వేటపాలెం ఇళ్ళలో మగ్గం మీద కూర్చునే నాన్నకు కొన్ని నెలల కూలి. కనుక ఆ డబ్బు తియ్యకముందే, ప్రయోగశాలలో ఏం చేస్తామో అదే ఇక్కడా చేద్దాం. కొలుద్దాం. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూద్దాం. వచ్చిన ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకుందాం.

జబ్బా? వయసా?

ముందుగా ఒక ప్రశ్నకు జవాబు కావాలి. రెండేళ్ళ కిందట చక్కగా ఆడిన ఆటే ఇప్పుడు నత్తనడక నడుస్తున్నదా? లేక పాత ఆటలన్నీ బాగానే ఆడుతూ, కొత్తగా వచ్చిన ఆట మాత్రమే ఆగి ఆగి నడుస్తున్నదా? ఈ రెండూ ఒకటి కావు. మొదటిది జబ్బు. రెండవది చాలనితనం. జబ్బుకు కొత్త భాగం కొంటే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

మనిషికి వయసు మళ్ళితే నడక తగ్గుతుంది. ప్రాసెసరు అలాంటిది కాదు. దాని అడుగులకు తాళం వేసేది మదర్‌బోర్డు మీద ఉండే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. మీ గోడ గడియారంలో ఉండేదీ అటువంటిదే. పదేళ్ళు గడిచినా దాని కంపనాలలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ట్రాన్సిస్టర్లకు ఆయాసం లేదు. అదే ఆట, అదే యంత్రం, కాని వేగం తగ్గిందంటే మధ్యలో ఏదో మారిందన్నమాట. ఇంటర్నెట్టు ద్వారా ఆటే మారి బరువెక్కి ఉండవచ్చు. మీకు తెలియకుండా వెనకాల పదిరకాల ప్రోగ్రాములు నడుస్తూ ఉండవచ్చు. హార్డ్ డిస్కు అంచులదాకా నిండిపోయి ఉండవచ్చు, లేదా పాడవుతూ ఉండవచ్చు. అయితే మన ప్రాంతంలో నేను మొదట అనుమానించేది వీటిలో దేనినీ కాదు, దుమ్మును.

మగ్గం ఉన్న ఇంట్లో గాలినిండా నూలు పీచు తేలుతూ ఉంటుంది. సాయంకాలం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి, కనిపిస్తుంది. ప్రాసెసరు మీద అల్యూమినియం రేకులతో ఒక దిమ్మ, దానిమీద ఒక ఫ్యాను ఉంటాయి. ఆ రేకుల సందుల్లోకి ఫ్యాను రోజంతా గాలిని తోస్తుంది. గాలితోపాటు పీచూ వెళుతుంది. రేకుల మధ్య చిక్కుకుని, కొన్నాళ్ళకు పరుపులోని దూదిలాగా అట్టకడుతుంది. ఇక గాలి ఆడదు. గాలి ఆడకపోతే వేడి బయటికి పోదు. ప్రాసెసరు వేడి 95, 100 డిగ్రీల దరిదాపులకు చేరిందంటే, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. మీకు మాత్రం కంప్యూటరు "ముసలిదైపోయింది" అనిపిస్తుంది.

వేసవిలో ఇది మరీ ఎక్కువ. ఎందుకో చిన్న లెక్క చూడండి. ఒకే పని చేసేటప్పుడు ప్రాసెసరుకూ గదిలోని గాలికీ మధ్య ఉండే ఉష్ణోగ్రతా భేదం ఇంచుమించు మారదు. జనవరిలో గది 27 డిగ్రీలు, ప్రాసెసరు 80 డిగ్రీలు అనుకుందాం. భేదం 53. మే నెలలో గది 42 డిగ్రీలైతే ప్రాసెసరు 42 + 53, అంటే 95 డిగ్రీలకు చేరుతుంది. జనవరిలో సాఫీగా ఆడిన ఆట మే నెలలో ఆగిపోవడానికి ఇదొక్కటే చాలు. ఉష్ణోగ్రతను చూపే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. హెచ్.డబ్ల్యు. ఇన్ఫో అటువంటిది. పావుగంటసేపు ఆట ఆడి, ఆ అంకె చూసి, తేదీతో సహా రాసుకోండి.

శుభ్రం చేసే పద్ధతి తేలికే కాని, పెద్దవాళ్ళు పక్కన ఉండగా చెయ్యండి. కరెంటు తీగను గోడనుంచి పూర్తిగా తీసెయ్యాలి. ఆ తరువాత ఆన్ చేసే మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు కొంత పోతుంది. మెత్తని కుంచెతో రేకులమధ్య పీచును తియ్యండి. గాలి ఊదే సాధనం వాడేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో తిరగకుండా పట్టుకోండి. మోటారును బయటినుంచి తిప్పితే అది డైనమో అవుతుందని చదువుకున్నారు గదా! ఎస్.ఎమ్.పి.ఎస్. అని పిలిచే కరెంటు పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖరం 230 × 1.414, అంటే సుమారు 325 వోల్టులు. ఆ పెట్టెలోని కెపాసిటరు అంత వోల్టేజిని దాచుకుని ఉంటుంది. తీగ తీసేసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది.

దిమ్మకూ ప్రాసెసరుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఏళ్ళ తరబడి ఎండిపోతుంది. చూడటానికి నున్నగా ఉన్నా రెండు లోహాల ఉపరితలాలు నిజంగా నున్నగా ఉండవు. మధ్య సన్నని గుంటల్లో గాలి నిలుస్తుంది. గాలి చాలా బలహీనమైన ఉష్ణవాహకం. పేస్టు దానికి వంద రెట్లకు పైగా మెరుగు. కాని రాగి, అల్యూమినియంలతో పోలిస్తే పేస్టు కూడా బలహీనమే. కాబట్టి ఎక్కువ పూస్తే మంచిదనుకోవద్దు. శనగగింజంత చాలు.

చీరాల సముద్రానికి దగ్గర. వాడరేవునుంచి వచ్చే ఉప్పుగాలి సైకిలు చువ్వలను ఏం చేస్తుందో మీరు చూసే ఉంటారు. ర్యామ్ పలకల అంచున ఉండే కాంటాక్టులకు బంగారు పూత ఉన్నప్పటికీ, వాటిమీద తేమ, మసి పట్టి కనెక్షను సరిగా ఆడదు. కంప్యూటరు మధ్యమధ్య దానంతటదే ఆగిపోతుంటే ర్యామ్ తీసి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్ళీ బిగించి చూడండి. రిపేరు చేసేవారందరికీ తెలిసిన ఉపాయమిది. ఖర్చు ఒక రబ్బరు ముక్క.

నాడె వేగం, కండె వేగం

ఇవన్నీ చేశారు. జబ్బేమీ లేదు. అయినా కొత్త ఆట ఆడటం లేదు. ఇప్పుడు ఏ భాగం మార్చాలి? దీని జవాబును కంప్యూటరులో కంటే ముందు మగ్గం దగ్గర వెతుకుదాం.

నేసేవారి చేతిలో నాడె ఎంత వేగంగా పరుగెత్తినా దానిలోకి కండెలు అందాలి. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మో, నాయనమ్మో రాట్నం మీద కండెలు చుట్టి అందిస్తారు. నాయనమ్మ గంటకు పది కండెలు చుట్టగలదు, మగ్గం గంటకు పదిహేను కండెలు నెయ్యగలదు అనుకుందాం. అప్పుడు గంటకు తెగేది ఎంత బట్ట? పది కండెల బట్టే. గంటకు ఇరవై కండెలు నేసే మరింత మంచి మగ్గం తెచ్చారు. ఇప్పుడో? ఇప్పుడూ పది కండెల బట్టే! డబ్బు మగ్గానికి పెట్టారు, ఇరుకు రాట్నం దగ్గర ఉంది.

ఒక దేశం మొత్తానికి ఇలాగే జరిగింది. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు లాగితే దానంతటదే పరుగెత్తే నాడెను కనిపెట్టాడు. నేత వేగం పెరిగింది. వెంటనే నూలు చాలలేదు. ఒక్క నేతగానికి అందించడానికి పలువురు వడికేవాళ్ళు కావలసివచ్చారు. 1760లలో హార్‌గ్రీవ్స్ ఒకేసారి అనేక కదుళ్ళు తిప్పే యంత్రం తెచ్చాడు. 1769లో ఆర్క్‌రైట్ నీటిశక్తితో నడిచే వడుకు యంత్రానికి హక్కు పొందాడు. ఈసారి నూలు గుట్టలుపడింది, నేత వెనకబడింది. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి హక్కు పొందాడు. చూశారా? ఒక ఇరుకును విప్పితే ఇంకొక చోట ఇరుకు బయటపడుతుంది. కంప్యూటరులోనూ అంతే.

ఆటలో కంప్యూటరు సెకనుకు అనేక బొమ్మలు వరసగా తయారుచేసి తెరమీదికి పంపుతుంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఆటలో 60 ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు 1000 ÷ 60, సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే. కారు ఎక్కడుంది, గోడను తాకిందా, శత్రువు ఎటు తిరిగాడు అన్న లెక్కలన్నీ ప్రాసెసరు చేస్తుంది. ఆ లెక్క ప్రకారం ఒక్కొక్క చుక్కకూ రంగు వేసేది గ్రాఫిక్స్ కార్డు. ఒక బొమ్మకు కార్డు రంగు వేస్తూ ఉండగానే ప్రాసెసరు తరువాతి బొమ్మ లెక్కలు మొదలుపెడుతుంది. రాట్నమూ మగ్గమూ ఒకేసారి నడిచినట్టే. కనుక బొమ్మకు పట్టే కాలం రెండు కాలాల మొత్తం కాదు. రెండింటిలో ఏది ఎక్కువో అదే.

ప్రాసెసరుకు 12 మిల్లీసెకన్లు, కార్డుకు 30 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. సెకనుకు 1000 ÷ 30, అంటే 33 బొమ్మలు. మూడు రెట్లు వేగమైన కార్డు వేశాం. కార్డు కాలం 10 మిల్లీసెకన్లకు దిగింది. వేగం మూడు రెట్లయి 100 బొమ్మలు రావాలి గదా? రావు. ఇప్పుడు ప్రాసెసరు 12 మిల్లీసెకన్లే పెద్దది. కాబట్టి 83 బొమ్మలు. ఆరు రెట్లు వేగమైన కార్డు, అంటే ఎంతో ఖరీదైనది వేశామనుకోండి. అప్పుడూ 83 బొమ్మలే! పైగా మీ మానిటరు సెకనుకు 60 సార్లు మాత్రమే బొమ్మ మార్చేదైతే, ఆ 83లోనూ మీకు కనిపించేవి 60. మానిటరు కూడా ఈ వరసలో ఒక మగ్గమే.

పైసా ఖర్చులేని ప్రయోగం

ఇరుకు ఎక్కడుందో కనిపెట్టడానికి సాధనాలేవీ కొననక్కరలేదు. ఆట అమరికల్లోకి వెళ్ళి సెకనుకు ఎన్ని బొమ్మలో చూపే అంకెను తెరమీద పెట్టుకోండి. దాన్ని ఎఫ్.పి.ఎస్. అంటారు. ‘వి-సింక్’ అనే అమరిక ఉంటే తీసెయ్యండి. లేకపోతే అది అంకెను మానిటరు వేగం దగ్గరే కట్టేస్తుంది. ఆటలో ఎప్పుడూ ఒకే చోటును ఎన్నుకుని, అక్కడ ఒక నిమిషం ఆడి అంకె రాసుకోండి. తరువాత బొమ్మ పరిమాణాన్ని 1920 × 1080 నుంచి 1280 × 720కి తగ్గించండి. ఇంకేమీ మార్చవద్దు. అదే చోట మళ్ళీ ఆడండి.

మొదటిదానిలో చుక్కలు 20,73,600. రెండవదానిలో 9,21,600. కార్డు వెయ్యవలసిన రంగు రెండుంబావు రెట్లు తగ్గింది. ప్రాసెసరు చెయ్యవలసిన లెక్కలు మాత్రం తగ్గలేదు. చుక్కలు ఎన్నయినా కారు ఒక్కటే, గోడ ఒక్కటే గదా! కాబట్టి పరిమాణం తగ్గించగానే ఎఫ్.పి.ఎస్. బాగా పెరిగితే ఇరుకు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది. అంకె కదలకుండా కూర్చుంటే ఇరుకు ప్రాసెసరు దగ్గర ఉంది, కొత్త కార్డు కొన్నా ప్రయోజనం లేదు. దుకాణానికి వెళ్ళేముందు ఈ రెండు అంకెలూ మీ జేబులో ఉండాలి.

ర్యామ్ సంగతి ఇంకా తేలిక. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజరు తెరిచి, మెమరీ ఎంత నిండిందో చూడండి. పూర్తిగా నిండిపోతే కంప్యూటరు కొంత సామానును డిస్కుమీదికి దించి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. మధ్యమధ్య బొమ్మ బిగుసుకుపోవడానికి ఇది పెద్ద కారణం. అప్పుడు ర్యామ్ వెయ్యడం సబబే. సగమే నిండితే ఎంత ర్యామ్ వేసినా ఖాళీ గాదెకు మరో ఖాళీ గాదె చేర్చినట్టే. ఒక్క మినహాయింపు ఉంది. ఒకే పలక ఉన్నచోట అలాంటిదే రెండోది సరైన గాడిలో పెడితే, చాలా బోర్డులలో దారి 64 బిట్ల వెడల్పునుంచి 128 బిట్లకు పెరుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి ఇది బాగా తెలిసే మార్పు.

తిరిగే పళ్ళెం

పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్కు అంటే తిరిగే పళ్ళెం. నిమిషానికి 7,200 చుట్లు. ఒక చుట్టుకు 60 ÷ 7200 సెకన్లు, అంటే 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, సుమారు 4 మిల్లీసెకన్లు. ముల్లు సరైన వరుసకు జరగడానికి మరొక 8 మిల్లీసెకన్లనుకుంటే మొత్తం 12. సెకనుకు ఎనభై సార్లకు మించి వెతకలేదన్నమాట. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. వెతకడానికి మిల్లీసెకనులో పదోవంతు కూడా పట్టనివి మామూలే. అందుకే పాత కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. వేసినవాళ్ళు "కొత్తది కొన్నట్టే ఉంది" అంటారు.

నిజంగా ఎంత లాభం? 1967లో జీన్ అమ్డాల్ అనే కంప్యూటరు ఇంజనీరు దీనికొక సూత్రం వివరించాడు. మీ ఆట తెరుచుకోవడానికి 100 సెకన్లు పడుతున్నదనుకుందాం. అందులో 70 డిస్కు పని, 20 ప్రాసెసరు పని, మిగతా 10 ఇతరాలు. ఈ పనులు ఎక్కువగా ఒకదాని తరువాత ఒకటి జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాలాలను కూడాలి. డిస్కును పది రెట్లు వేగం చేస్తే 7 + 20 + 10 = 37 సెకన్లు. దాని బదులు ప్రాసెసరును రెట్టింపు వేగం చేస్తే 70 + 10 + 10 = 90 సెకన్లు. డిస్కు ఎంత అద్భుతమైనదైనా, దాని కాలం సున్నా అయినా, 30 సెకన్ల కిందికి దిగడం అసాధ్యం. అందుచేత ఎస్.ఎస్.డి.లలో అన్నిటికంటే ఖరీదైనది కొనడానికి ఆరాటపడవద్దు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ఎస్.ఎస్.డి. ఆటను త్వరగా తెరుస్తుంది. తెరుచుకున్న తరువాత ఎఫ్.పి.ఎస్.ను పెద్దగా పెంచదు.

పాతదంటే ఎంత పాత?

మీ నాన్నల చిన్నతనంలో ఐదేళ్ళ కంప్యూటరంటే నిజంగానే పాత సామాను. 1994లో ఇంటెల్ పెంటియం వేగం 100 మెగాహెర్ట్జ్. 2002 చివరికి పెంటియం 4 వేగం 3 గిగాహెర్ట్జ్ దాటింది. ఎనిమిదేళ్ళలో ముప్పై రెట్లు! అక్కడినుంచి ఆ పరుగు ఆగింది. 2004లో ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం ఆలోచననే మానుకుంది. కారణం వేడి. వేగం పెంచాలంటే వోల్టేజి పెంచాలి. వేడి వోల్టేజి వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 2023లో అమ్మకానికి వచ్చిన 6 గిగాహెర్ట్జ్ ప్రాసెసరును చూసినా, ఇరవై ఏళ్ళలో గడియారం రెట్టింపే అయింది. ఒకే చిప్పులో ఎక్కువ ప్రాసెసర్లను పెట్టడం, ఒక్కొక్క అడుగులో ఎక్కువ పని చేయించడం ద్వారా మాత్రం ముందుకు సాగారు. ఈ కారణంగా నేటి ఐదేళ్ళ కంప్యూటరు ఆనాటి ఐదేళ్ళ కంప్యూటరంత ముసలిది కాదు. ఇది అమ్మేవారు చెప్పే మాట కాదు, మనమే తెలుసుకోవాలి.

మగ్గం మీద జకార్డు

మన ప్రాంతపు నేతగాళ్ళు పాత మగ్గానికే జకార్డు బిగించి కొత్త పూలు, అంచులు నేస్తారు. చిల్లులున్న అట్టలు ఒక్కొక్కటే తిరుగుతూ, ఏ పడుగు పోగు లేవాలో ఏది లేవకూడదో చెబుతాయి. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ తెచ్చిన ఈ చిల్లుల అట్టలనే 1830లలో బాబేజ్ తన లెక్కల యంత్రం నమూనాలో తీసుకున్నాడు. అట్టకు చిల్లు ఉందా లేదా అన్న ఆ భాషే తరువాత కంప్యూటరు భాష అయింది. అందుచేత మీ ఆటల పెట్టెకు తాత మీ ఇంటి దూలానికి వేలాడుతూ ఉండవచ్చు!

జకార్డు మగ్గం పైన కూర్చుంటుంది. అది పట్టాలంటే ఇంటి కప్పు ఎత్తుగా ఉండాలి, మగ్గం కొయ్యలు బరువు ఆపాలి. జకార్డు ఎంత మంచిదైనా తాటాకుల పల్లపు ఇంట్లో బిగించలేరు. కంప్యూటరులో ఆ కప్పూ, ఆ కొయ్యలూ ఏమిటంటే మదర్‌బోర్డు, ఎస్.ఎమ్.పి.ఎస్.

ర్యామ్ రకాలు డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని ఉన్నాయి. ఒకదాని గాడిలో మరొకటి పట్టదు. పొరపాటున పెట్టకుండా ఉండేందుకే పలక అంచున ఉండే గంటును ఒక్కొక్క రకానికి ఒక్కొక్క చోట కోశారు. ప్రాసెసరుకూ అంతే, దాని సాకెట్టు వేరు. ఇంటెల్‌వారు కొద్ది తరాలకొకసారి సాకెట్టు మారుస్తూ వచ్చారు. ఎ.ఎమ్.డి.వారి ఏ.ఎమ్.4 సాకెట్టు మాత్రం చాలాకాలం నిలిచింది. 2017లో మొదటి రైజెన్ కొన్నవారు అనేక బోర్డుల మీద బయాస్ మార్చుకుని 2020 నాటి రైజెన్ 5000 వరసను అదే సాకెట్టులో పెట్టుకోగలిగారు. కొనేటప్పుడు ధర ఒక్కటే చూసినవాడికీ, సాకెట్టు కూడా చూసినవాడికీ ఉన్న తేడా అది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో గాడి అంతగా బాధపెట్టదు. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ గాడి పాతదైనా కొత్త కార్డు సాధారణంగా పనిచేస్తుంది, కొంత వేగం తగ్గవచ్చు. బాధంతా కరెంటుతోనే. ఆ గాడి ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకు మించిన కార్డుకు ఎస్.ఎమ్.పి.ఎస్.నుంచి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ మరో 75, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు మోస్తుంది. ఆఫీసులనుంచి సెకండ్ హ్యాండులో వచ్చే పెట్టెల్లో ఆ తీగలే ఉండవు. ఎస్.ఎమ్.పి.ఎస్. వయసు కూడా చూడాలి. నేను ఇంతకుముందు ట్రాన్సిస్టరుకు వయసు తెలియదన్నాను. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటరుకు తెలుస్తుంది. దానిలోని ద్రవం ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుర్దాయం ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. బోర్డుమీది కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే, ఆ బోర్డుకు కొత్త కార్డు కొనకండి.

వేగం కాదు, అర్హతే లేనప్పుడు

కొన్ని ఆటలు మెల్లగా నడవడం కాదు, అసలు తెరుచుకోవు. 2025లో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ అనే ఆటకు కాంతికిరణాల దారిని లెక్కకట్టే ప్రత్యేక భాగమున్న కార్డు తప్పనిసరి. అది లేని కార్డు ఎంత బలమైనదైనా లాభం లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా భాగమూ, ఇంటెల్‌లో అయితే సుమారు ఎనిమిదో తరమో ఆ పైదో ప్రాసెసరూ కావాలి. బాగా పనిచేస్తున్న యంత్రాలెన్నో ఈ ఒక్క నిబంధనతో పక్కకు పోయాయి. నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది. చదువుకూ, రాతకూ, కొన్ని ఆటలకూ వాటిమీద లినక్సు హాయిగా నడుస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేసే లినక్సును కూడా రూపొందించారు.

ఒక పెట్టెను లెక్కకట్టి చూద్దాం

జాండ్రపేటలో ఒక ఇంట్లో ఇలాంటి కంప్యూటరు ఉందనుకుందాం. 2014లో కొన్నది. ఇంటెల్ నాలుగో తరం ఐ5, 8 జి.బి. డి.డి.ఆర్.3 ర్యామ్, హార్డ్ డిస్కు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏం చెయ్యాలి?

ముందు ప్రతి భాగాన్నీ ఒక ప్రశ్న వెయ్యండి: రేపు ఈ పెట్టె పోతే నువ్వు నాతో కొత్త పెట్టెలోకి వస్తావా? సాటా తీగతో బిగించే ఎస్.ఎస్.డి. వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. మానిటరు, కీబోర్డు, యు.పి.ఎస్. వస్తాయి. డి.డి.ఆర్.3 ర్యామ్ రాదు. అదే సాకెట్టు కోసం వెతికి కొనే పాత ఐ7 ప్రాసెసరూ రాదు. రాని వాటికి పెట్టే డబ్బు ఈ పెట్టెతోనే పోతుంది.

ఆ తరువాత ఏడాదికి ఎంత పడుతుందో చూడాలి. ధరలు నెలనెలా మారుతాయి కనుక ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. ఎస్.ఎస్.డి.కీ, గాడిలోని 75 వాట్లతోనే నడిచే చిన్న కార్డుకూ కలిపి 12,000 రూపాయలు. దానితో మూడేళ్ళు గడుస్తాయి. ఏడాదికి 4,000. ఆ రెండూ తరువాతి పెట్టెలోకి వస్తాయి కనుక నిజమైన ఖర్చు ఇంకా తక్కువ. కొత్త కంప్యూటరు 64,000, ఎనిమిదేళ్ళు వస్తుంది. ఏడాదికి 8,000. బాగుచెయ్యడమే మేలనిపిస్తుంది. కాని ఇంట్లో కుర్రవాడికి కావలసింది 2025లో వచ్చిన ఆటలే అయితే, ఆ పన్నెండువేలు ఆరు నెలలైనా అతన్ని తృప్తిపరచవు. అప్పుడు అదే మరమ్మతు ఏడాదికి 24,000 చొప్పున పడ్డట్టు! అంకెలు రెండూ నిజమే. తేడా అంతా "ఎన్నాళ్ళు సరిపోతుంది?" అన్న ప్రశ్నకు మీరు ఎంత నిజాయితీగా జవాబు చెబుతారన్న దానిలోనే ఉంది. ఈ ఇంటికి నా సలహా: పీచు తియ్యండి, ఎస్.ఎస్.డి. వెయ్యండి, పాత ఆటలు చాలనుకుంటే చిన్న కార్డు కూడా వెయ్యండి. ప్రాసెసరు జోలికీ డి.డి.ఆర్.3 జోలికీ పోకండి. కొత్త ఆటలే కావాలంటే మాత్రం ఈ పెట్టెకు ఎస్.ఎస్.డి. తప్ప ఇంకేమీ కొనకుండా డబ్బు కూడబెట్టండి.

కరెంటు బిల్లును కూడా కలుపుకోండి. ఆడేటప్పుడు 300 వాట్లు లాగే కంప్యూటరును రోజుకు మూడు గంటలు నడిపితే నెలకు 27 యూనిట్లు. కొత్తది కదా తక్కువ లాగుతుందనుకోవద్దు. ఆటల కార్డులలో పెద్దవి కాలక్రమంలో ఎక్కువే లాగుతూ వచ్చాయి.

చివరికి పాతది తీసెయ్యవలసి వస్తే దాన్ని పాత ఇనుప సామాను కొనేవాడికి వెయ్యవద్దు. బోర్డులలో రాగితోపాటు సీసం కూడా ఉండవచ్చు. రాగికోసం వాటిని తగలబెట్టినప్పుడు ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళుతుందో తెలుసు గదా. 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం, తయారుచేసిన కంపెనీలకే వీటిని శుద్ధిచేయించే బాధ్యత ఉంది. కొన్న దుకాణంలో అడగండి.

మీకొక లెక్క: ఒక కంప్యూటరులో ఒక బొమ్మకు ప్రాసెసరు కాలం 20 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డు కాలం 25 మిల్లీసెకన్లు. మానిటరు సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. ఇప్పుడు ఎఫ్.పి.ఎస్. ఎంత? రెట్టింపు వేగమైన కార్డు వేస్తే ఎంత అవుతుంది? నాలుగు రెట్లదైతే? 60 బొమ్మలు పూర్తిగా కనిపించాలంటే ఏ భాగాన్ని కనీసం ఎన్ని రెట్లు వేగం చెయ్యాలి? లెక్కతో సహా రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.